విదేశాలకు వెళ్ళే విద్యార్థీ, మాత్రలు మానకు!

"సారూ, ఫిట్స్ సంగతి కాయితంల రాయకుండ్రి. వీసా ఆగిపోతదేమో" అని ఒక తల్లి బతిమాలింది. వాళ్ళది హాలియా పక్క పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం. కొడుకు ఇంజనీరింగు పూర్తిచేసి పై చదువుకు అమెరికా వెళుతున్నాడు. అక్కడి విశ్వవిద్యాలయం అడిగిన టీకాల కాగితం మీద సంతకం కోసం మా ఆసుపత్రికి వచ్చారు.

కుర్రవాణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగాను. రోజూ రాత్రి ఒక మాత్ర మింగుతున్నాడు. రెండేళ్ళుగా మూర్ఛ రాలేదు. "అక్కడ రూంలో వాళ్ళకు తెలిస్తే బాగుండదు సార్, పోయేముందు మానేద్దామనుకుంటున్న" అన్నాడు. నా గుండె ఝల్లుమంది.

మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే తెలివి రాకుండానే ఫిట్స్ మీద ఫిట్స్ రావచ్చు. ప్రాణానికే ముప్పు. పైగా నిద్ర చాలకపోవడం మూర్ఛను రేపుతుంది. వీడ్కోలు విందులు, అర్ధరాత్రి శంషాబాద్ చేరడం, ఇరవై గంటలు మించిన ప్రయాణం - ఇక నిద్రెక్కడిది? (ఆ విందుల్లో మందు పోసే స్నేహితులకు దూరంగా వుండమని కూడా చెప్పాను.)

గడియారం సంగతి చాలామందికి తట్టదు. అమెరికా తూర్పుతీరం మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9కి మింగి, మళ్ళీ అక్కడి రాత్రి 9కే మింగుదామనుకుంటే మధ్యలో 33 గంటలకు పైగా ఖాళీ! దారిలో మన టైము ప్రకారమే మింగాలి. చేరాక ఎలా మార్చుకోవాలో ముందే మీ డాక్టరుతో రాయించుకోండి.

ఆ తల్లి భయానికి ఆధారం లేదు. అమెరికా విద్యార్థి వీసాకు మామూలుగా వైద్యపరీక్షే అడగరు. దాచిపెడితే మాత్రం ఆరోగ్య బీమా చిక్కుల్లో పడవచ్చు.

జబ్బు చేసినవాడు విదేశాల్లో చదవలేడా? మన యల్లాప్రగడ సుబ్బారావు గారికి స్ప్రూ అనే పేగుల జబ్బు వుండేది. తోబుట్టువులిద్దరిని అదే బలిగొంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, ఓడెక్కి బోస్టన్ వెళ్ళారు. 1945లో ఆయన ఆధ్వర్యంలోనే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఈనాటికీ స్ప్రూ రోగికి మేము రాసే మందుల్లో అదొకటి.

అబ్బాయికి జబ్బు పేరు, మందు అసలు పేరు, మోతాదు రాసి చీటీ ఇచ్చాను. గదిలో ఒక్కరికైనా చెప్పమన్నాను. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టరాదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటితే 911కి ఫోను చెయ్యాలి. అక్కడి డాక్టరు ఒప్పుకునేదాకా కారు నడపరాదు.

షుగరు, ఉబ్బసం వున్నవాళ్ళూ ఇలాగే నెల ముందు డాక్టరును కలవండి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో వేస్తే విమానం అడుగు అరలో గడ్డకట్టి పాడైపోవచ్చు. ఏ మందైనా అట్టపెట్టె, చీటీతో సహా చేతిసంచిలోనే వుండాలి. ఆ పెద్ద పెట్టె ఒకోసారి మనతోపాటు దిగదు.

ఈ మాట విని ఆ తల్లి నాలుక కరచుకుంది. మాత్రలన్నీ పచ్చళ్ళ డబ్బాల అడుగున సర్దేసిందట!