గ్రాంటు అడగాలంటే ముందు లెక్క ఉండాలి



"మీకు ఫారిన్ నుంచి డబ్బులు వస్తాయి కదా సిస్టర్, మళ్లీ మాకు ఫీజు ఎందుకు?" అని ఓపీలో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. సంఘ కుటుంబాల వారు ఇంకో రకంగా అడుగుతారు. "మా ఊళ్లో స్త్రీల మైత్రి తరఫున బీపీ, షుగరు క్యాంపు పెట్టాలని ఉంది. గ్రాంటు ఎవరిస్తారు? అర్జీ ఎలా రాయాలి?" అని. గ్రాంటు ఎలా వస్తుందో తెలిస్తే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. అందుకే ఈ సంచికలో ఆ సంగతి వివరిస్తున్నాము.

మన గండికోట సంగతి చూడండి

పెన్నా లోయ పక్కన ఉన్న మన గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం రూ. 77.91 కోట్లు మంజూరు చేసింది. ఇది రాష్ట్రాలకు 50 సంవత్సరాల కాలానికి వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు. పేరుకు అప్పే అయినా దాన్ని సంపాదించిన పద్ధతి మాత్రం గ్రాంటు పద్ధతే. పర్యాటక శాఖ ముందుగా నియమాలు ప్రకటించి గడువు పెట్టింది. 2024 అక్టోబరు 15 లోగా దేశం మొత్తం మీద 87 ప్రతిపాదనలు వచ్చాయి. అవన్నీ కలిపి రూ. 8,000 కోట్లకు పైగా అడిగాయి. వాటిలో 23 రాష్ట్రాలకు చెందిన 40 మాత్రమే ఎంపికయ్యాయి. మన రాష్ట్రం నుంచి గండికోట, రాజమహేంద్రవరం దగ్గరి అఖండ గోదావరి పనులు ఆ జాబితాలో ఉన్నాయి.

గండికోట అందం వందల ఏళ్లుగా ఉన్నదే. అందం చూసి ఎవరూ డబ్బు పంపలేదు. ఆ చోటికి దారి ఎలా ఉంది, ఎంతమందిని తట్టుకుంటుంది, కట్టిన తర్వాత ఎవరు నడుపుతారు, స్థానికులకు ఏమి లాభం అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు చెప్పినందుకే డబ్బు వచ్చింది. రూ. 77 కోట్లకైనా, మనం అడిగే రూ. 80 వేలకైనా ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

మిషన్ ఆసుపత్రులు ఎలా కట్టారు

పాతకాలపు దొరలు, దొరసానులు అడగ్గానే డబ్బు వచ్చిపడేదని అనుకుంటాము. అది నిజం కాదు. డాక్టర్ ఐడా స్కడ్డర్ గారు వేలూరులో స్త్రీల ఆసుపత్రి కోసం 1899లో అమెరికాలో చందాలు అడిగారు. అక్కడ స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోక ప్రసవాల్లో చనిపోతున్నారని, అందుకే ఈ ఆసుపత్రి కావాలని ఆమె చెప్పగలిగారు. న్యూయార్కులో రాబర్ట్ షెల్ అనే బ్యాంకు యజమాని ఆమెను గుచ్చి గుచ్చి ప్రశ్నించి, చివరకు తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చారు. ఆ డబ్బుతో కట్టిన ఆసుపత్రి 1902లో మొదలైంది.

1920ల మొదట్లో రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి ఒక షరతు పెట్టింది. వేలూరు వైద్య పాఠశాలతో కలిపి ఆసియాలోని 7 స్త్రీల కళాశాలల కోసం ప్రజలు 20 లక్షల డాలర్లు పోగుచేస్తే, తాము 10 లక్షలు కలుపుతామన్నారు. సంఘాల్లోని స్త్రీలు చిన్న చిన్న కానుకలు పోగుచేసి ఆ మొత్తం నింపారు. ఇలాంటి దాన్ని మ్యాచింగ్ గ్రాంటు అంటారు. నేటికీ చాలామంది దాతలు "మీ వంతు ఎంత?" అని మొదట అడుగుతారు.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని క్షయ ఆసుపత్రి మరో పాఠం చెబుతుంది. అది ఏ ఒక్క మిషన్ సొంతమూ కాదు. ఒక్కరి వల్ల కాని భారాన్ని అనేక మిషన్లు కలిసి మోశాయి. అందుకే దాని పేరులోనే యూనియన్ అనే మాట ఉండేది. నాలుగు ఊళ్ల సంఘాలు విడివిడిగా నాలుగు అర్జీలు రాసేకన్నా కలిసి ఒకటి రాస్తే బలం ఎక్కువ.

అర్జీలో ఉండవలసిన ఆరు జవాబులు

ఉదాహరణకు ఐదు ఊళ్లలో 30 సంవత్సరాలు దాటిన 1,000 మందికి బీపీ, షుగరు పరీక్షలు చేయాలని అనుకుందాం.

1. సమస్య ఏమిటి? "మా ప్రాంతం చాలా వెనుకబడినది, ప్రజలు పేదలు" అని రాస్తే దాతకు ఏమీ తెలియదు. ఆ మాట అన్ని అర్జీలలోనూ ఉంటుంది. ఐదు ఊళ్లలో ఎన్ని ఇళ్లున్నాయి, ఎంతమంది ఎప్పుడూ బీపీ చూపించుకోలేదు, దగ్గరి ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లు, బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది అని రాయండి. ఇంటింటికీ తిరిగి నోటుబుక్కులో రాసుకున్న లెక్క మంచి ఇంగ్లీషు కన్నా విలువైనది.

2. మీరు ఏమి చేస్తారు? ఏ నెలలో, ఏ ఊరిలో, రోజుకు ఎంతమందిని చూస్తారో రాయండి. రోజుకు 50 మంది చొప్పున 20 రోజులు అంటే సరిపోతుంది.

3. ఎవరు చేస్తారు? నర్సులు ఎంతమంది, వాలంటీర్లు ఎంతమంది, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, లెక్కలు ఎవరు చూస్తారో తెలపండి.

4. ఖర్చు ఎంత? షుగరు స్ట్రిప్పులు 1,000కి రూ. 15 చొప్పున 15,000. బీపీ మిషన్లు ఐదుకు రూ. 2,000 చొప్పున 10,000. బండి 20 రోజులకు రూ. 1,500 చొప్పున 30,000. ఇద్దరు నర్సులకు రోజుకు రూ. 500 చొప్పున 20,000. కార్డులు, రిజిస్టర్లు 5,000. మొత్తం రూ. 80,000, అంటే మనిషికి రూ. 80. ఈ ధరలు నమూనాకు మాత్రమే వేసినవి. మీరు షాపుల్లో కొటేషన్లు తీసుకుని రాయాలి. చర్చి హాలు, వాలంటీర్ల భోజనాలు మీ వంతుగా చూపించండి.

5. ఫలితం ఎలా తెలుస్తుంది? "1,000 మందికి పరీక్ష చేశాము" అనేది పని మాత్రమే. బీపీ ఎక్కువ ఉన్నట్లు తేలినవారిలో ఆరు నెలల తర్వాత ఎంతమంది మందు మానకుండా వాడుతున్నారు అనేది ఫలితం. దాత చూసేది దీన్నే.

6. డబ్బు అయిపోయాక ఏమవుతుంది? బీపీ, షుగరు జీవితాంతం ఉండేవి. అందుకే రోగం బయటపడిన ప్రతివారి పేరూ, వారి సమ్మతితో, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదు చేయిస్తామని రాయాలి. దానికి అక్కడి మెడికల్ ఆఫీసరు గారిని ముందే కలిసి ఒక ఉత్తరం తీసుకుని జతపరచాలి.

వీటన్నిటినీ కుదించి ఒక పేజీ సారాంశం పైన పెట్టండి. చాలామంది దాతలు మొదట చదివేది ఆ పేజీనే. అది బాగుంటేనే మిగతావి తిప్పుతారు.

ఎవరిని అడగాలి

మొదట మన దగ్గర ఉన్నవారిని. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజ సేవకు ఖర్చు చేయాలి. దీన్నే సీఎస్ఆర్ అంటారు. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. మన జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఈ డబ్బు నేరుగా అందుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 అనే ఫారం ద్వారా నమోదై ఉండాలి.

రెండవది ప్రభుత్వ పథకాలు. కంటి ఆపరేషన్లు, క్షయ నివారణ వంటి పనుల్లో స్వచ్ఛంద సంస్థలను కలుపుకునే ఏర్పాటు ఉంది. జిల్లా అధికారులను కలిసి వివరాలు తెలుసుకోవాలి.

మూడవది విదేశీ దాతలు. ఈ దారి ఇప్పుడు ఇరుకైనది. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ తీసుకున్నది మరో సంస్థకు పంచకూడదు. ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. ఇచ్చిన పనికే ఖర్చు పెట్టాలి. దాత ఇంక్యుబేటరు కోసం ఇస్తే దానితో మీ మందుల బిల్లు తగ్గించలేము. మీ ఫీజు సంగతి అడిగినవారికి మా జవాబు ఇదే.

ఎక్కడ అడిగినా కొన్ని కాగితాలు సిద్ధంగా ఉండాలి. సొసైటీ లేక ట్రస్టు రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, సాధారణంగా 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు, దర్పణ్ నంబరు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు. ఇవి లేని చిన్న సంఘాలు ఇవన్నీ ఉన్న సంస్థతో కలిసి పనిచేయడం మంచిది.

మోసపోకండి

"అమెరికా నుంచి కోటి రూపాయలు గ్రాంటు తెప్పిస్తాము, ముందు ఫైలు ఖర్చులకు 50 వేలు కట్టండి" అని కొందరు సంఘాల చుట్టూ తిరుగుతుంటారు. నిజమైన దాత తన డబ్బు ఇవ్వడానికి మీ దగ్గర ముందు డబ్బు అడగడు. వచ్చినదానిలో ఇంత శాతం కమీషను ఇవ్వాలన్నా వెంటనే వద్దనండి. మీ సొంత బ్యాంకు ఖాతాలో విదేశీ డబ్బు వేయించి ఊరి పనికి ఖర్చు పెట్టమని ఎవరైనా చెబితే అసలు ఒప్పుకోకండి. చిక్కుల్లో పడేది ఖాతాదారుడే.

రోగులకు ఒక మాట

ఓపీలో మేము ఊరి పేరు, వయసు, ఎన్ని కిలోమీటర్ల నుంచి వచ్చారు, దారిలో ఎంతసేపు పట్టింది అని అడిగినప్పుడు కొందరు విసుక్కుంటారు. దయచేసి సరిగా చెప్పండి. నొప్పులు మొదలైన ఎన్ని గంటలకు గర్భిణి మా గుమ్మం తొక్కిందో రిజిస్టరులో లేకపోతే, అంబులెన్సు కావాలని మేము ఏ దాతను ఒప్పించగలం? మీ పేరు, మీ రోగం మాత్రం దాతకు పోవు. అంకెలు మాత్రమే పోతాయి. మీ ఫోటో కావాలంటే ముందు మిమ్మల్ని అడుగుతాము. వద్దంటే తీయము. దానివల్ల మీ వైద్యంలో ఏ తేడా రాదు.

ఒక అర్జీ తిరిగి వస్తే నిరాశ పడకండి. గండికోట ఎంపికైన ఏడాది 47 ప్రతిపాదనలకు ఆ అవకాశం దక్కలేదు. ఎందుకు కాదన్నారో మర్యాదగా ఉత్తరం రాసి అడగండి. చెప్పిన లోటు దిద్ది మరోసారి పంపండి. మంజూరైతే రసీదులు దాచి, చెప్పిన తేదీకి రిపోర్టు పంపండి. ఒక్క రూపాయి మిగిలినా ఆ సంగతి రాయండి. రెండవ గ్రాంటు మొదటి రిపోర్టును బట్టే వస్తుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ ఊరి అవసరం ఏదైనా మనసులో ఉంటే ఇంటింటి లెక్క రాసుకుని నర్సింగ్ ఆఫీసుకు రండి. ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. ఆ లెక్కను ఒక పేజీ అర్జీగా మార్చడానికి మేము మీతో కూర్చుంటాము.