తొడుగు మార్చే న్యుమోకాకస్

న్యుమోనియాకు కారకాలు అనేకం ఉన్నా, పసిపిల్లల ప్రాణాలు తీసేవాటిలో ముందుగా చెప్పవలసినది న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా. దాని చుట్టూ చక్కెర గొలుసులతో ఏర్పడిన తొడుగు ఒకటి ఉండి, మన రక్తంలోని రక్షక కణాలు దానిని మింగకుండా అడ్డుపడుతుంది. ఈ తొడుగు నిర్మాణంలోని తేడాలను బట్టి గుర్తించిన వందకు పైగా రకాలను సీరోటైపులు అంటారు. పిల్లలకు వేసే కాంజుగేట్ టీకాను కొన్ని సీరోటైపుల తొడుగు పదార్థాన్ని ప్రోటీన్‌కు జతచేసి తయారు చేస్తారు కనుక, అది ప్రధానంగా ఆ రకాలనే అడ్డుకోగలదు.

అమెరికాలో 2000లో ఏడు సీరోటైపుల టీకా వచ్చాక ఆ రకాల వల్ల కలిగే తీవ్ర వ్యాధులు పిల్లల్లోనే కాక, వారి నుంచి సోకడం తగ్గినందువల్ల వృద్ధుల్లో కూడా బాగా తగ్గాయి. అయితే న్యుమోకాకస్ ఆరోగ్యవంతుల ముక్కులోనూ గొంతులోనూ నివసించే జీవి కాబట్టి, టీకా రకాలు ఖాళీ చేసిన చోటును టీకాలో లేని రకాలు ఆక్రమించాయి. వాటిలో పలు యాంటీబయాటిక్‌లకు లొంగని 19ఎ ముందు నిలిచింది. దానిని కూడా చేర్చిన పదమూడు రకాల టీకా 2010లో వచ్చింది. మరింత ఆలోచింపజేసే సంగతి జన్యు పరిశీలనలో బయటపడింది: 19ఎగా గుర్తించినవాటిలో కొన్ని, వంశం రీత్యా టీకాలో ఉన్న 4వ రకానికి చెంది, 19ఎ తొడుగు జన్యువులను సంపాదించుకున్నవి. న్యుమోకాకస్‌లో ఒక రకం మరొక రకం లక్షణాన్ని పొందగలదని శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లోనే ఎలుకలపై ప్రయోగాలతో చూపాడు.

అందువల్ల సీరోటైపుతో పాటు వంశాన్ని కూడా తెలుసుకోవాలనే ఉద్దేశంతో 2011లో మొదలైన ప్రపంచ న్యుమోకాకస్ జన్యుక్రమ ప్రాజెక్టు, అనేక దేశాల నమూనాల జన్యుక్రమాలను పోల్చి చూస్తోంది. ఏ రకాన్ని టీకాలో చేర్చాలన్నది ఇటువంటి నిఘాయే చెప్పాలి. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తన పది రకాల టీకాకు ఆసియా, ఆఫ్రికా వంటి ప్రాంతాల్లో ఎక్కువగా కనబడే సీరోటైపులను ఎంచుకుంది. హైదరాబాదులోని బయొలాజికల్-ఇ తన పద్నాలుగు రకాల టీకాలో 22ఎఫ్, 33ఎఫ్‌లను కూడా చేర్చింది.

భారతదేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన న్యుమోకాకస్ కాంజుగేట్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది కనుక, ఇక్కడ ఏ రకాలు తగ్గి ఏవి పెరుగుతున్నాయో గమనించవలసిన కాలం ఇదే. అయితే అందుకు రోగుల నమూనాల్లో బ్యాక్టీరియా దొరకాలి; యాంటీబయాటిక్ పడిన తరువాత తీసిన రక్తంలో న్యుమోకాకస్ తరచుగా పెరగదు, పెరగనిదాని సీరోటైపును తేల్చడం కష్టం. చికిత్స ఆలస్యం కాకుండానే, యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందు రక్త నమూనా తీసే పద్ధతినీ, దానిని పరీక్షించే ప్రయోగశాలనూ ప్రభుత్వాలు ప్రతి జిల్లా ఆసుపత్రికీ సమకూర్చాలి.