మెదడు ఫొటోలో మనసు జబ్బు కనిపిస్తుందా?

మన ఊళ్లలో ఎవరికైనా మనిషి లేకుండానే మాటలు వినిపిస్తున్నాయంటే ముందు భూతవైద్యుడి దగ్గరికి, ఆ తర్వాత పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ స్కాన్ తీసి "మెదడులో ఏమీ లేదు" అన్నారనుకోండి, ఇంట్లోవాళ్లకు కొత్త అనుమానం మొదలవుతుంది. ఏమీ లేకపోతే వీడు నటిస్తున్నాడా? కాబట్టి స్కాన్ ఏం చూపగలదో, ఏం చూపలేదో మనం తెలుసుకోవాలి.

పుర్రె తెరవకుండా మెదడును చూపే సి.టి. స్కాన్‌ను హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు ఇంజనీరు రూపొందించాడు. 1971లో లండన్‌లో మొదటి రోగికి తీశారు. 1976లో ఈవ్ జాన్‌స్టోన్ అనే డాక్టరు, ఆమె తోటివారు చాలాకాలంగా స్కిజోఫ్రీనియాతో ఉన్న 17 మందికి ఈ స్కాన్ తీశారు. మెదడు లోపల ద్రవం నిండిన ఖాళీలు అందరికీ ఉంటాయి. ఆరోగ్యవంతుల కంటే వీరిలో అవి పెద్దవిగా కనిపించాయి. అంతకుముందు పాశ్చాత్య దేశాల్లో కొందరు డాక్టర్లు ఈ జబ్బుకు తల్లి పెంపకమే కారణమనేవారు. మనవాళ్లు దయ్యాన్ని తిట్టారు, వాళ్లు తల్లిని తిట్టారు, అంతే తేడా!

తర్వాత ఎం.ఆర్.ఐ. వచ్చింది. పనిచేసే మెదడు భాగానికి రక్తం ఎక్కువగా వెళ్తుంది. ఆ రక్తంలోని ఆక్సిజన్ తేడాను అయస్కాంతంతో పసిగట్టవచ్చని 1990లో జపాన్ శాస్త్రవేత్త సెయిజి ఒగావా చూపించాడు. పత్రికల్లో మనం చూసే ఎర్రని, పసుపుపచ్చని మెదడు బొమ్మలు ఇలా వచ్చినవే. ఆ రంగులు మెదడులో ఉండవు, లెక్కలు కట్టి కంప్యూటరు వేస్తుంది. లెక్క తప్పితే ఏమవుతుందో 2009లో అమెరికా పరిశోధకులు తమాషాగా చూపించారు. చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపిస్తే చేప మెదడులోనూ రంగు చుక్కలు వెలిగాయి! వేల చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా ఏదో దొరుకుతుంది. లెక్క సరిచేయగానే చుక్కలు మాయమయ్యాయి.

మరి జాన్‌స్టోన్ చూసింది నిజమేనా? నిజమే. 2016లో అనేక దేశాల వాళ్లు కలిసి 2,028 మంది స్కిజోఫ్రీనియా రోగులను, 2,540 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. రోగుల్లో జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్ సగటున చిన్నదిగా, ఆ ఖాళీలు పెద్దవిగా తేలాయి. ఇక్కడ "సగటున" అన్న మాటే ముఖ్యం. రెండు హాస్టళ్ల పిల్లల సగటు ఎత్తులో మూడు సెంటీమీటర్ల తేడా ఉందనుకోండి. ఒక్క కుర్రాణ్ణి నిలబెట్టి, ఎత్తు కొలిచి, వీడు ఏ హాస్టల్ వాడో చెప్పగలమా? స్కాన్ సంగతీ అంతే. గుంపులో తేడా తెలుస్తుంది, ఒక్క మనిషిలో జబ్బు తేల్చలేం.

అయితే డాక్టర్లు స్కాన్ ఎందుకు రాస్తారు? మెదడులో గడ్డ, రక్తస్రావం, పురుగు తిత్తి లాంటివి ఉన్నా ప్రవర్తన మారిపోవచ్చు. అవి లేవని నిర్ధారించుకోవడానికి. "ఏమీ లేదు" అంటే అవి లేవని మాత్రమే అర్థం, జబ్బు లేదని కాదు. స్కిజోఫ్రీనియానైనా డిప్రెషన్‌నైనా ఈనాటికీ డాక్టరు రోగితో, ఇంట్లోవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే నిర్ధారిస్తాడు. స్కాన్ బాగుందని మందులు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

డాక్టరు దూరమైతే 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ ఉచిత నంబరు ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.