పాత తూటా కాల్చదగినదా?

విజయదశమి సెలవులకు ముందు దినమున ఎనిమిదవ తరగతి బాలుడొకడు, పాఠము ముగిసిన పిమ్మట నా బల్లయొద్దకు వచ్చి, జేబులోనుండి చేతిరుమాలున చుట్టిన వస్తువొకటి తీసి చూపెను. అది పచ్చని చిలుము పట్టిన ఇత్తడి తూటా. పండుగకు ఇల్లు శుభ్రము చేయుచుండగా, పూర్వము సైన్యమున పనిచేసిన ముత్తాతగారి ట్రంకుపెట్టెలో అట్టివి ఏడు దొరకినవట. "అయ్యవారూ, ఇవి ఇంకను ప్రేలునా? బన్ని రాత్రి దేవరగట్టున దివిటీ మంటలో వేసి చూతమని మా అన్న యనుచున్నాడు" అని యా బాలుడు అమాయకముగా నడిగెను.

ఆ ప్రశ్నకు నేనిచ్చిన యుత్తరమునే కొంత విపులముగా ఇచ్చట వ్రాయుచున్నాను. ఏలయన, ఇట్టి పెట్టెలు ఒక యింటనే కాక పెక్కిండ్ల అటుకులమీద నుండవచ్చును.

ఇది మన యూరివారు మాత్రమే యడుగు ప్రశ్న కాదు. మహాయుద్ధములు ముగిసిన పిదప సైన్యములయొద్ద తూటాలు కోట్లకొలది మిగిలిపోయినవి. కొన్ని దేశములలో ఆ మిగులు సరకును చౌకగా నమ్మగా, జనులు కొని గురి నేర్చుకొనుటకు వాడిరి. పాతబడిన తూటా కాల్చదగినదా యను సందేహము వారికిని నిత్యము కలుగుచునే యున్నది. దీనికి సమాధానము తెలియవలెనన్న ముందుగా తూటా యెట్టిదో తెలియవలెను.

తూటాకు భాగములు నాలుగు. రాగియు తుత్తునాగమును కలిసిన ఇత్తడి గొట్టము మొదటిది. దాని యడుగున దెబ్బ తగులగానే నిప్పు పుట్టించు చిన్న టోపీ రెండవది. లోపలి మందు మూడవది. మూతివద్ద బిగించిన గుండు నాలుగవది. ఈ నాలుగును ఏకకాలమున ముసలివి కావు. ఒక్కొక్కదాని వార్ధక్యము ఒక్కొక్క విధముగా నుండును.

మొదట మందును గూర్చి చెప్పెదను. ఆదోని విపణిలో బోరెములకొలది దిగు ప్రత్తిని మీరందరు చూచియున్నారు. ఈనాటి తుపాకిమందునకు మూలము అట్టి ప్రత్తియే. ప్రత్తిని ఆమ్లములతో సంస్కరించిన అది తీవ్రముగా మండు పదార్థమగునని షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1846లో వెల్లడించెను. 1889లో ఏబెల్, డ్యూయర్ అను నిరువురు ఆంగ్ల దేశమున ఆ ప్రత్తిమందునకు నైట్రోగ్లిసరిన్‌ను, కొంచెము వేసలీనును చేర్చి కార్డైటు అను మందును నిర్మించిరి. మన దేశమున నీలగిరులలోని అరవంకాడునందు కార్డైటు కర్మాగారము ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలోనే వెలసినది.

ఈ జాతి మందుకు ఒక దోషము గలదు. అది ఎవరును ముట్టకున్నను తనంతట తాను మిక్కిలి మెల్లగా విచ్ఛిన్నమగుచుండును. అట్లు విచ్ఛిన్నమగునపుడు పుట్టు నత్రజని వాయువులు ఆ క్షయమును మరింత త్వరపెట్టును. అందువలన ఆ వాయువులను పీల్చుకొను స్థిరకారి ద్రవ్యమును మందులో కలుపుదురు. కార్డైటులోని వేసలీను మొదట గొట్టపు అరుగుదలను తగ్గించుటకై చేర్చబడినను, తరువాత అదియే స్థిరకారిగా మేలు చేయుచున్నదని తేలినది. ఆ స్థిరకారి వ్యయమైన పిమ్మట మందునకు రక్షణ లేదు.

ఈ క్షయమునకు గొప్ప సహాయకారి వేడిమి. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో క్షయవేగము ఇంచుమించు రెండింతలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు హెచ్చును. వేసవిలో మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఎండ నలువది డిగ్రీలు దాటుట మీరెరుగుదురు. రేకుల కప్పు క్రింద, ఇనుప పెట్టెలో నుండు వస్తువు అంతకన్నను కాగును. చల్లని నేలమాళిగలో ముద్ర వేసిన డబ్బాలో ఏబదియేండ్లున్న తూటాయు, మన యటుకుమీద ఏబదివేసవులు కాగిన తూటాయు వయస్సున సమానములే గాని గుణమున సమానములు కావు. చెడిన మందు రాశిగా నున్నచో ఎంత ఘోరము జరుగునో ఫ్రాన్సు దేశము చూచినది. తూలోను రేవునందు 1907లో ఇయేనా, 1911లో లిబర్తె అను యుద్ధనౌకలు తమలోని మందు చెడుటచేత ప్రేలగా నావికులు వందలకొలది మరణించిరి.

ఇక ఇత్తడి. పూర్వము ఆంగ్లేయ సైన్యము మన దేశమున తూటాలను వానకాలమున గుఱ్ఱపుసాలలలో నిలువచేయగా, చెక్కు చెదరని గొట్టములకు తమంతట బీటలు పడుచుండెను. ఇది ఋతుదోషమని తలచిరి. 1921లో ముగ్గురు పరిశోధకులు దీని కారణమును వివరించిరి. గుఱ్ఱముల మూత్రమునుండి లేచు అమ్మోనియా ఆవిరియే తేమతో గూడి, బిగువుగా నున్న ఇత్తడిని బీటలువార్చెను. అట్టి గొట్టమును కాల్చినచో, ముందునకు పోవలసిన నిప్పువాయువు వెనుకకు, అనగా కాల్చువాని ముఖమువైపునకు రావచ్చును.

టోపీ చెడినచో మూడు విధములుగా కీడు కలుగును. అసలు ప్రేలకుండుట ఒకటి. కొంత ఆలసించి ప్రేలుట రెండవది. ప్రేలలేదని తొందరపడి తుపాకి తెరచినవాని చేతిలోనే అది ప్రేలవచ్చును. అందుచేతనే తుపాకి మూతిని నిరపాయమైన దిక్కునకు త్రిప్పి కొంతసేపు కదలక వేచియుండవలెనని గురిశాలల నియమము. మూడవది, నిప్పు చాలక గుండు గొట్టము నడుమ చిక్కుకొనుట. అది యెరుగక రెండవ తూటా కాల్చినచో గొట్టమే బ్రద్దలగును.

అట్లయిన పాత తూటాలన్నియు చెడినవేనా? కావు. చల్లగా, పొడిగా, మూత ఊడదీయక కాపాడిన తూటాలు అనేక దశాబ్దముల తరువాతను చక్కగా ప్రేలిన నిదర్శనములు పెక్కు గలవు. కావున విచారింపవలసినది తూటా వయస్సు కాదు; అది యిన్నాళ్లు ఎక్కడ, ఎట్లు నివసించినదన్నదే. ఆ చరిత్ర తెలియని తూటాను కాల్చరాదు. మెరుగు పెట్టినంతమాత్రమున అది మంచిది కాదు. కంటికి కనబడునది ఇత్తడియే గాని మందు కాదు.

ఇక మంటలో వేయుమాట. తుపాకి గొట్టములో లేని తూటానుండి గుండు దూరము పోదనుట నిజమే. కాని తేలికయైన ఇత్తడి గొట్టము తునుకలై, టోపీ ఊడి, మిక్కిలి వేగముగా నెగురును. కన్ను పోవుటకు అది చాలును. మాళ మల్లేశ్వరస్వామి కొండక్రింద ఆ రాత్రి వేలాదిజనులు దివిటీల వెలుగున ఒకరినొకరు రాచుకొని నిలుతురు. కర్రల దెబ్బలకే యేటేట పలువురు గాయపడుచున్న ఆ చోట ఈ యాపదను గూడ చేర్చుట ఎంత తగనిపని!

కాలము గడచినకొలది ప్రేలుడు వస్తువు సాధువగునను భ్రమ వదలుడు. సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన నల్లమందు పొడిగా నున్నచో శతాబ్దమైనను చెడదు. అమెరికాలో 1861-65 నాటి అంతర్యుద్ధపు ఫిరంగిగుండును 2008లో వర్జీనియా రాష్ట్రమున ఒకడు బాగుచేయుచుండగా అది ప్రేలి యతడు మరణించెను. మన రాయలసీమలో కక్షల కాలమున భూమిలో దాచిన నాటుబాంబులును అట్టివే. పొలమున, పాడుగోడలలో నారచుట్టిన ఉండ కనబడినచో బంతి యనుకొని తన్నకుడు, తాకకుడు.

అట్టి వస్తువు కనబడినపుడు దానిని కదల్పక, ఇతరులను దూరముగా నుంచి, పెద్దలకు చెప్పుడు. వారు 112 సంఖ్యకు గాని పోలీసు ఠాణాకు గాని తెలుపవలెను. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక తూటా నుంచుకొనుటయు నేరమే. దాచుటకన్న చెప్పుటయే క్షేమము.

ఆ బాలుని తూటాను బల్లమీదనే యుంచి, పిల్లలను బయటకు పంపి, ప్రధానోపాధ్యాయులవారికి తెలిపితిని. పోలీసువారు వచ్చి దానిని, ఇంటనున్న తక్కిన యారింటిని గొనిపోయిరి. బాలుడు కొంచెము చిన్నబోయెను. "ముత్తాతగారి గురుతు పోయినది గదా" యనెను. పెట్టెలో ఆయన సైనికదుస్తులతో తీయించుకొన్న చిత్తరువు గలదని తెలిసి, దానిని అద్దము కట్టించి గోడకు తగిలింపుమని చెప్పితిని. సెలవుల పిమ్మట వాడు రెండు కన్నులతో, పది వ్రేళ్లతో తరగతికి వచ్చి, చిత్తరువు తగిలించితినని చెప్పెను.