ఒకే ఇంటి సర్వర్, పలు సైట్లు

గండికోటలో ఒకే ప్రాకారం లోపల మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు ఉన్నాయి. పేరు చెప్పి అడిగితేనే దారి చూపగలరు. ఇంట్లోని ఒక్క కంప్యూటర్ పలు వెబ్‌సైట్లు నడపడంలో కిటుకూ అదే. 1997లో వెలువడ్డ హెచ్‌టీటీపీ 1.1 అనే వెబ్ ప్రమాణం ప్రకారం బ్రౌజర్ తనకు కావలసిన సైట్ పేరును ప్రతి అభ్యర్థనలోనూ చెప్పి తీరాలి. అపాచీ వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఆ పేరు చూసి ఆ సైట్ ఫోల్డర్‌లోని పేజీనే పంపుతుంది. కాబట్టి గండికోట దగ్గరి పెన్నా లోయ చూడవచ్చేవారికి గుడారాలు అద్దెకిచ్చేవారూ, గైడ్లూ, జమ్మలమడుగు దుకాణదారులూ తలా ఒక యంత్రం కొనక్కర్లేదు. అందరికీ కలిపి ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ఐపీ చిరునామా చాలు.

కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆగుతాయి కదా అంటారు. నిజమే, అయితే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. అసలు చిక్కు మరొకటి: చాలా ఇంటర్నెట్ సంస్థలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి, బయటివారి పిలుపు మన గడప దాకా రాదు. అప్పుడు మనకే కేటాయించే స్టాటిక్ ఐపీ అడగాలి, లేదా ఐపీవీ6 చిరునామా వాడాలి. ఒక సైట్‌లో దొంగ దూరితే పక్కవాటికీ ముప్పే గనుక దేని యూజర్ ఖాతా దానికి ఉండాలి. డబ్బు చెల్లింపుల పని మాత్రం ఇంటి సర్వర్‌కు అప్పగించకపోవడమే మేలు. ఫొటోలు, ధరలు, దారి వివరాలకు అది ధారాళంగా సరిపోతుంది.