కోడిపిల్లల మేత

కళాశాల సంచికలో కోళ్ల మేతను గురించి వ్రాయడమేమిటని మిత్రులు కొందరు నవ్వుకోవచ్చును. కాని గుడ్లమ్మిన పైకముతో పరీక్ష రుసుము చెల్లించిన విద్యార్థులు ఉన్నారు. ఆ వరుసలో మేమూ ఉన్నాము.

ఒక సంవత్సరం మా తల్లిగారు ఇరవై పిల్లలను కొని పెంచసాగారు. పిల్లల దాణా దొరకలేదు. "అన్నీ కోళ్లే గదా!" అంటూ దుకాణదారు గుడ్లుపెట్టే కోళ్ల దాణా ఇచ్చాడు. ఆ సంచిని భుజాన మోసుకొచ్చినది మేమే. మూడు నెలలు తిరగకుండానే ఎనిమిది పిల్లలు పోయాయి. పశువైద్యులు ఒకదానిని కోసి చూపారు. మూత్రపిండాలు ఉబ్బి, వాటిపై సున్నం చల్లినట్లు తెల్లని పొడి పేరుకొని ఉంది. అది సున్నం కాదు. చెడిన మూత్రపిండాలు బయటికి పంపలేకపోయిన యూరిక్ ఆమ్లపు లవణము.

కారణమిది. ఒక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. కనుక గుడ్లుపెట్టే కోడి దాణాలో నూటికి 3 నుండి 4 పాళ్లు కాల్షియం కలుపుతారు. పెరిగే పిల్లకు ఒక పాలు చాలును. మిగిలినదంతా దాని మూత్రపిండాలకు భారమే. సుమారు 18 వారాల వరకు, అనగా గుడ్డు పెట్టే వేళ దగ్గరపడే వరకు, ఆ సంచి జోలికి పోరాదు. పెద్దవీ చిన్నవీ ఒకే పెరటిలో తిరిగే ఇంట అన్నిటికీ ఎదిగే కోళ్ల దాణాయే వేసి, గుల్లపొడిని వేరొక చిప్పలో ఉంచడం మేలు. గుడ్లుపెట్టే కోడి తనకు కావలసినంత తానే తింటుంది.

ఇక మాంసకృత్తులు. మొదటి ఆరు, ఎనిమిది వారాలు నూటికి 20 పాళ్లు, ఆ తరువాత 16 పాళ్లు ఉండవలెను. నూకలలో 8 పాళ్లకు మించి ఉండవు. మరి మన అమ్మమ్మల కాలంలో పిల్లలు నూకలతోనే బ్రతకలేదా? బ్రతికాయి; తల్లికోడి చెదలను, పురుగులను గీరి చూపేది గనుక. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలను కొని తెచ్చి బుట్టలో పెంచేవారికి ఆ తల్లి లేదు. మేతలోనే ఆ లోటు తీర్చాలి.

వేరుశెనగ చెక్క కలిపేవారు బూజు విషయం మరువరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు బూజుపట్టిన వేరుశెనగ పిండి తిని చనిపోయాయి. అఫ్లాటాక్సిన్ అనే విషం లోకానికి తెలిసినది అప్పుడే. ఉడికించినంత మాత్రాన అది నశించదు. ఉప్పు చేపల పొడి కూడా పిల్లలకు తగదు.

ఇప్పుడు మా ఇంట రెండు సంచులు ఉంటాయి. తెలుగు చదవలేని మా తల్లిగారు ఒకదానిపై బొగ్గుతో ఉర్దూలో "బచ్చోంకా" అని వ్రాసుకున్నారు.