పుస్తకానికి సర్వే నంబరు ఉంటే చాలా?

"సార్, ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకంలో నా వ్యాసం వచ్చింది. అంటే అది పరిశోధన కిందికి వచ్చినట్టే గదా?"

కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా డిగ్రీ కాలేజీల అధ్యాపకులు నలుగురు కలిసిన చోట ఈ ప్రశ్న రాకుండా ఉండదు. యూజీసీ 2010లో తెచ్చిన నిబంధనల్లో అధ్యాపకుల పదోన్నతుల కోసం పుస్తకాలకు ఇచ్చే పాయింట్ల దగ్గర ఐఎస్‌బీఎన్ ప్రస్తావన వచ్చింది. అప్పటి నుంచి ఆ నంబరుకు లేనిపోని పెద్దరికం వచ్చిపడింది. ఫీజు కడితే పదిహేను రోజుల్లో నంబరుతో సహా అచ్చు వేసిస్తామనే ప్రకటనలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. డబ్బు కట్టినవాళ్ళు నష్టపోవడం ఒక ఎత్తు. వాళ్ళ దగ్గర చదువుకునే పిల్లలు అట్ట వెనక గీతల గుర్తు ఉంటే అది ప్రామాణిక గ్రంథమేనని నమ్మడం ఇంకో ఎత్తు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండోదే.

ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి సర్వే నంబరు. అంతకు మించి ఏమీ కాదు. 2007 నుంచి ఇందులో పదమూడు అంకెలుంటాయి. మొదట 978 లేదా 979, తర్వాత దేశాన్నో భాషనో తెలిపే అంకెలు (మన దేశానికి 81, 93), ఆ తర్వాత ప్రచురణకర్త గుర్తు, పుస్తకం గుర్తు. చివరి అంకె మిగిలినవాటిని లెక్కగట్టి వేసేది, రాసేటప్పుడు ఎక్కడైనా తప్పు దొర్లితే పట్టిస్తుంది. మన దేశంలో ఈ నంబర్లను ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకు కూడా ఇస్తుంది. ఇచ్చే ముందు అక్కడ ఎవరూ పుస్తకం చదవరు, చదవాల్సిన పని కూడా లేదు. సర్వే నంబరు చూస్తే ఆ చెలక ఎక్కడుందో తెలుస్తుంది. అందులో పత్తి పండుతుందా, ఉట్టి రాళ్ళేనా అన్నది నంబరు చెప్పదు. పోయి చూడాల్సిందే.

ఇంకో సంగతి. ఈ నంబర్ల పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. ఆదిలాబాద్ గోండుల మీద ఇప్పటికీ అందరూ మొదట తెరిచే పుస్తకం 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'. లండన్‌లో మాక్మిలన్ కంపెనీ దాన్ని 1948లో వేసింది. ఆ ప్రతికి ఐఎస్‌బీఎన్ లేదు, ఉండే వీలూ లేదు. నంబరే కొలత అయితే ఈ పుస్తకానికి సున్నా మార్కులు పడాలి.

మరి అది ప్రామాణికం ఎట్లా అయింది?

దాన్ని రాసిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు భారతదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ను శత్రుదేశస్థుల లెక్కలో వేసి హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేసింది. ఆయన ఆ కట్టడినే పనిగా మార్చుకున్నాడు. మొదట చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి కొండల్లోని రెడ్ల దగ్గరికి వెళ్ళాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమును పోలీసులు కాల్చి చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొని చెప్పమని నిజాం ప్రభుత్వం ఆయన్నే అడిగింది. భార్య బెట్టితో కలిసి జైనూరు దగ్గర మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో గోండు పిల్లల చదువుల పథకం మొదలైంది, మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది. బెట్టి సమాధి ఈనాటికీ ఆ ఊళ్ళోనే ఉంది. ఆయన చితాభస్మాన్నీ 2012లో అక్కడికే తెచ్చి ఆమె పక్కన ఉంచారు.

ఇంత త్యాగం చేశాడు కాబట్టి పుస్తకం గొప్పదని నేను అనడం లేదు. మంచివాడు చెడ్డ పుస్తకం రాయొచ్చు. ఆ పుస్తకం నిలబడింది, తనకు ఏ సంగతి ఎట్లా తెలిసిందో చెప్పుకుంటూ పోయింది కాబట్టి. ప్రధాన్లు పాడే వంశగాథలు, పెర్సపేన్ (వంశదైవం) పూజలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల వర్గాల విభజన ఇవన్నీ ఏ ఊళ్ళో చూశాడో, ఎక్కడ విన్నాడో అందులో కనిపిస్తుంది. 1970లలో ఆయన అవే ఊళ్ళకు తిరిగి వచ్చాడు. అప్పట్లో గోండులకు పట్టాలిప్పించిన భూములు బయటివాళ్ళ చేతుల్లోకి పోవడం కళ్ళారా చూసి 1979లో 'ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్', 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' రాశాడు. ముందు రాసిందేమిటో, తర్వాత జరిగిందేమిటో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు మనకిచ్చాడు.

సర్వే లెక్కనే చెప్పాలంటే పరిశోధన గ్రంథానికి ఫుట్‌నోట్లు హద్దురాళ్ళు. ఇంతవరకు నాకు తెలుసు, ఇది ఫలానా రికార్డులో ఉంది, ఇక్కడి నుంచి నా ఊహ అని రచయిత రాయి పాతుతాడు. హద్దురాయి ఉంటేనే పక్కవాడు వచ్చి గెట్టు పంచాయితీ పెట్టగలడు. రాయి లేని చోట పంచాయితీ కూడా నడవదు, ఎవరి నోరు పెద్దదైతే వాళ్ళదే భూమి.

రాయి పాతడం అంటే ఏమిటో ఒక్కచోట దగ్గరగా చూద్దాం. కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాల ఊరుంది. ఆ ఊరి బొమ్మలగుట్ట మీద జైన విగ్రహాలు చెక్కిన బండకే ఒక శాసనం ఉంది. దాన్ని కొండ మీది నుంచి పుస్తకంలోకి తేవాలంటే ముందు రాతిని కడగాలి. ఏళ్ళ తరబడి పట్టిన నాచు, సున్నం, పసుపు కుంకుమలు నీళ్ళతో, బ్రష్షుతో ఓపికగా తీయాలి. ఇనుప ముక్కతో గీకితే అక్షరమే పోతుంది. తర్వాత తడిపిన కాగితాన్ని అక్షరాల మీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో ఒక వరసలో కొట్టుకుంటూ పోవాలి. కాగితం మెల్లగా గుంటల్లోకి దిగుతుంది. మధ్యలో గాలి బుడగ ఉండిపోతే ఆ అక్షరం రాదు. తడి కొంచెం ఆరాక గుడ్డ ఉండకు నల్ల సిరా అద్ది పైపైన తట్టాలి. రాతి ముఖం నల్లబడుతుంది, గుంటల్లోకి దిగిన అక్షరాలు తెల్లగా తేలుతాయి. పూర్తిగా ఆరనిచ్చి ఒలిస్తే శాసనం కాగితం మీదికి వచ్చేస్తుంది. దీన్నే ఎస్టాంపేజీ అంటారు.

అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఏ పంక్తిలో ఏముందో పంక్తి సంఖ్య వేసి రాయాలి. అరిగిపోయిన అక్షరానికి ఒక గుర్తు, తాను ఊహించి నింపిన అక్షరానికి ఇంకో గుర్తు పెట్టాలి. బండ పెచ్చు లేచిపోయిన చోట చుక్కలు పెట్టి వదిలేయాలి. అర్థం బాగా కుదురుతుందని చుక్కల చోట మాట ఇరికిస్తే అది దొంగపట్టా. పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో ప్రభుత్వ పురావస్తు శాఖ 1974లో వేసిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం ఇట్లాంటి పనితోనే తయారైంది. దాన్ని నమ్మలేని మనిషి ఎవరైనా గుట్టెక్కి ఇంకో ఎస్టాంపేజీ తీసుకుని సరిచూసుకోవచ్చు. ఆ దారి మూయకుండా వదిలి ఉంచడంలోనే దాని ప్రామాణికత ఉంది.

ఇంతకీ ఆ బండ ఏం చెప్పింది? సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో, క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు దాన్ని చెక్కించాడు. వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్న కన్నడ మహాకవి పంపకు ఇతను తమ్ముడు. వాళ్ళ కుటుంబం వేంగినాడు నుంచి వచ్చిందన్న సంగతి, నన్నయకు దాదాపు వందేళ్ళ ముందటి తెలుగు కందపద్యాలు మనకు ఆ బండే ఇచ్చింది. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చిన సందర్భంలో ఆ పద్యాల పేరు గట్టిగా వినిపించింది.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. శాసనం కనబడితే చాలు, అది గుప్తనిధికి గుర్తని అర్ధరాత్రి గడ్డపారలతో దిగేవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. కోడిని కోసి, నిమ్మకాయలు పెట్టి, వెయ్యేళ్ళ రాతిని పగలగొడతారు. నిధి దాచుకునేవాడు దాని జాడ బండమీద చెక్కి ఊరందరికీ చూపిస్తాడా? శాసనాల్లో చాలావరకు దానపత్రాలు. ఎవరు ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అని నలుగురికీ తెలియాలని చెక్కించినవి. రాయి పగిలితే బంగారం రాదు. ఆ ఊరి చరిత్రలో ఒక పేజీ శాశ్వతంగా చిరిగిపోతుంది.

ఇప్పుడు ప్రచురణ సంస్థ సంగతికి వద్దాం. "ఒకే కంపెనీ లంబాడీల చరిత్రా వేస్తుంది, ఆర్థికశాస్త్రమూ వేస్తుంది, ఇంజనీరింగూ వేస్తుంది. ఇన్ని విషయాలు వాళ్ళకెట్లా తెలుస్తాయి?" అని చాలామంది అడుగుతారు. ఉదాహరణకు, 1948లో ఓరియంట్ లాంగ్‌మన్స్‌గా ఏర్పడి, 2008లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్‌గా పేరు మార్చుకున్న సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడి సంపాదకులకు అన్ని శాస్త్రాలూ తెలియవు. ఏ శాస్త్రంలో ఎవరిని అడగాలో తెలుసు. రాతప్రతిని ఆ విషయం మీద పనిచేసిన ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్ళెవరో సాధారణంగా రచయితకు చెప్పరు. వాళ్ళు తప్పులు పట్టి, చూడని ఆధారాలు చూపించి, వాదం ఎక్కడ బలహీనంగా ఉందో రాసి పంపుతారు. రచయిత జవాబు చెప్పుకోవాలి లేదా దిద్దుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లోనైతే ఆ పైన విశ్వవిద్యాలయ ఆచార్యుల మండలి ఆమోదం కూడా కావాలి. పక్క పొలాల వాళ్ళను పిలిచి వాళ్ళ ముందే గొలుసు పట్టి కొలవడం లాంటిదిది. అయినా తప్పులు మిగులుతాయి. కానీ పదిహేను రోజుల్లో ఈ పని జరగదు.

పరిశోధన గ్రంథాల ధర ఎందుకంత ఎక్కువంటే, ఇట్లాంటివి చాలాసార్లు కొన్ని వందల ప్రతులే వేస్తారు, ఖర్చంతా వాటి మీదే పడుతుంది. అందుకే వీటిని కొనాల్సింది గ్రంథాలయాలు. 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'ను యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో దొరుకుతాయి.

పుస్తకం చేతికి వచ్చాక ముందుమాట కంటే ముందు చివరి పేజీలు తిప్పండి. అక్కడ అకారాది సూచిక ఉందా? నాకు పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. ఆదిలాబాద్ గురించిన పుస్తకమైతే ఉట్నూరు, కేస్లాపూర్, మెస్రం, నాగోబా అని వెతకండి. వెతికిన పేరు ఉంటే ఆ పేజీకి పోయి, అక్కడి ఫుట్‌నోట్ చూసి, అది ఏ రికార్డును చూపిస్తుందో గమనించండి. పది నిమిషాల్లో పుస్తకం సత్తా తెలిసిపోతుంది. సూచిక తయారుచేయడం కష్టమైన పని, ఎవరూ మెచ్చుకోని పని. తెలుగులో వచ్చే మంచి మంచి పరిశోధన గ్రంథాలకు కూడా చాలాసార్లు అది ఉండదు. పాత కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ పి.వి. నరసింహారావు వ్యవస్థాపక అధ్యక్షుడిగా 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. శాస్త్రాలన్నీ తెలుగులో చదువుకోవచ్చని ఆ సంస్థ పుస్తకాలు వేసి చూపించింది. ఇప్పుడు తెలుగులో పుస్తకాలు వేసే ప్రతి ఒక్కరూ సూచిక, ఫుట్‌నోట్లు తప్పనిసరి చేస్తే ఆ పని ఇంకో మెట్టు ఎక్కుతుంది.

పరిశోధన గ్రంథం అంటే ఆఖరి మాట అనుకోవడం కూడా పొరపాటే. హైమండార్ఫ్ పుస్తకం వచ్చిన దాదాపు డెబ్బై ఏళ్ళకు, 2017లో, తెలంగాణ చరిత్రకారుడు భంగ్యా భూక్యా 'ది రూట్స్ ఆఫ్ ది పెరిఫెరీ' రాశారు. ఆక్స్‌ఫర్డ్ వేసింది. గోండులు అనాదిగా అడవిలో విడిగా బతికినవాళ్ళన్న చిత్రాన్ని ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళకు రాజ్యాలుండేవని, వాళ్ళను అంచుకు నెట్టింది తర్వాత వచ్చిన రాజ్యాలూ వలస పాలనా అని ఆధారాలతో వాదించారు. ఇది పాత పుస్తకానికి అవమానం కాదు. పాత పుస్తకం హద్దులు స్పష్టంగా చూపింది కాబట్టే ఈ వాదం సాధ్యమైంది.

పదోన్నతుల కమిటీల్లో కూర్చునే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. నంబరు అడగకండి, ఫుట్‌నోట్లు ఎక్కడ అని అడగండి. రాతప్రతిని ఆ విషయం తెలిసినవాళ్ళు పరీక్షించారా అని అడగండి. పిల్లలకు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండీ రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ లిపిలో పుస్తకం వేయడానికి ఇప్పుడు సాంకేతికమైన అడ్డు లేదు. ఉట్నూరు, ఆసిఫాబాద్ కాలేజీల్లో చదివే గోండు, కొలాం పిల్లలు హైమండార్ఫ్‌నూ భూక్యానూ ముందు పెట్టుకుని, తమ తాతలను అడిగి, ఇద్దరి తప్పులూ దిద్దే పుస్తకం రాయాలి. ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో చెప్పారో ప్రతి పేజీ కింద రాయాలి. దానికి నంబరు ఎట్లాగూ ఉచితంగానే వస్తుంది.